‘ఆయన లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది’ అన్నచోటే మొదలుపెట్టండి

ప్రశ్న క్లుప్తంగా: ఒంగోలులో కొందరు లెక్చరర్లు, విద్యార్థులు కలిసి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లెక్కలు విశ్లేషించే ఓపెన్ సోర్స్ పైథాన్ ప్యాకేజీ (ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకోగల ప్రోగ్రామ్) ఒకటి నడుపుతున్నారు. అందులో ఒక సీనియర్ కోడ్ బ్రహ్మాండంగా రాస్తాడు. కానీ కొత్తవాళ్లను అందరి ముందూ హేళన చేస్తాడు. ఒక అమ్మాయికి రాత్రిళ్లు విడిగా మెసేజ్‌లు పెడుతున్నాడని ఈమధ్య బయటపడింది. ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేస్తున్నారు. ‘ఆయన లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది’ అని ఎవరూ ఆయన్ని ఏమీ అనడం లేదు. ప్రవర్తనా నియమావళి పెడదామంటే ‘ఇవన్నీ ఫారిన్ పద్ధతులు, మనం ఒక కుటుంబంలా ఉన్నాం కదా’ అని కొందరు అడ్డం పడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

మాది నెల్లూరు. సైంటిఫిక్ పైథాన్ ప్యాకేజీల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. రెండు మూడు బృందాల్లో ఫిర్యాదులు వినే కమిటీలో కూడా ఉన్నాను. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ ప్రశ్నలో రెండు పనులు కలిసిపోయాయి. ఆ అమ్మాయి విషయం ఈ రోజు పని. గ్రూపు తీరు మార్చడం నెలల పని. చాలాచోట్ల రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేస్తారు. ‘ముందు రూల్స్ రాసుకుందాం, ఆ తర్వాత దాని ప్రకారం చూద్దాం’ అంటారు. రూల్స్ లేవు కాబట్టి తప్పు కూడా లేదనే తర్కం అది. దానికి ఒప్పుకోకండి.

ముందుగా ఆ అమ్మాయికి 18 ఏళ్లు నిండాయో లేదో తెలుసుకోండి. ఇది చాదస్తం కాదు. ఒంగోలు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి అవగానే చేరతారు, మొదటి రెండేళ్ల పిల్లలు ఇంకా మైనర్లే. మీ గ్రూపులో ఇంటర్ పిల్లలు కూడా ఉండొచ్చు. మైనర్ అయితే, మెసేజ్‌లు లైంగిక ధోరణిలో ఉంటే, అది పోక్సో చట్టం కిందికి వస్తుంది. 2012 నాటి ఆ చట్టం ప్రకారం, విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ‘మనలో మనం చూసుకుందాం’ అనే అవకాశమే మీకు లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. అలాంటప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని ఆ పిల్లకు మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు.

పెద్దదైతే మాత్రం ఏం చేయాలన్నది ఆమె ఇష్టం. ఆమెకు నమ్మకం ఉన్న ఒక్క మనిషి, వీలైతే ఒక మేడమ్, ఇలా ఒక మెసేజ్ పెడితే చాలు: “నీకు ఇబ్బంది కలిగిందని విన్నాను. మాట్లాడాలనిపిస్తే వింటాను, వద్దనిపిస్తే ఫర్వాలేదు. నువ్వు చెప్పమనేదాకా నీ పేరు ఎక్కడా ఎత్తను. ఆ మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో.” డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్ చేసి ఉంటే ఆ చివరి మాట ఎంత ముఖ్యమో మీకే తెలుస్తుంది.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. ‘నువ్వెందుకు రిప్లై ఇచ్చావమ్మా?’ ‘అన్ని రోజులు ఊరుకుని ఇప్పుడెందుకు చెబుతున్నావు?’ ‘మీ ఇంట్లో తెలుసా?’ ఈ మూడోది అన్నిటికన్నా ప్రమాదం. మన వైపు ఆడపిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం చాలాసార్లు ఆ సీనియర్ మీద భయం కాదు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి తీసుకెళ్తారన్న భయం. మంచి చేస్తున్నామనుకుని తండ్రికి ఫోన్ చేసే మాస్టార్లను చూశాను. ఆ ఒక్క ఫోన్‌తో ఫిర్యాదూ పోతుంది, పిల్ల చదువూ పోతుంది.

ఇక చట్టం సంగతి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షురాలు. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు తప్పనిసరి. కాలేజీలకైతే 2015లో యూజీసీ విడిగా నిబంధనలు పెట్టింది. వాటి కింద విద్యార్థినులే కాదు, అబ్బాయిలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా ఫిర్యాదు చేయొచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వొచ్చు. మీరు నియమావళి రాసుకుంటూ కూర్చుంటే కరిగిపోయేది ఈ గడువే. పది మంది లేని చిన్న సంస్థలకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, కలెక్టరేట్‌లో అడిగితే వివరాలు చెబుతారు. వద్దని స్పష్టంగా చెప్పినా వెంటపడి మెసేజ్‌లు పెడుతుంటే అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, పోలీసుల దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

మీ గ్రూపు ఈ కమిటీలకు బదులు కాదు. మీరు విచారణ జరిపి శిక్ష వేయలేరు. మీ రిపోజిటరీలో (కోడ్ అంతా ఉంచే చోటు), మీ చాట్‌లో, మీ వర్క్‌షాపుల్లో ఎవరుండాలో, ఎవరికి ఏ హక్కులుండాలో తేల్చడం వరకే మీ పరిధి. అది చిన్న పరిధి అనుకోవద్దు. చాలా గ్రూపులు ఆ చిన్నదాన్ని కూడా వాడుకోలేవు. ఎందుకు వాడుకోలేవన్నదే నేను అసలు చెప్పదలచుకున్నది.

ఆ సీనియర్‌ను ఎవరూ ఏమీ అనకపోవడానికి మీరు రాసిన కారణం ఒకే వాక్యంలో ఉంది: ‘ఆయన లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది.’ అందరికీ ఇది ప్రవర్తన సమస్యలా కనబడుతుంది. నాకు మాత్రం ఇది ముందు అడ్మిన్ హక్కుల సమస్య. ఒకసారి లెక్క చూసుకోండి. గిట్‌హబ్ రిపోజిటరీ ఎవరి అకౌంట్‌లో ఉంది? ఆయన సొంత అకౌంట్‌లోనే కదా? పైథాన్ ప్యాకేజీలు అందరికీ అందించే సైటు పైపీఐలో కొత్త వెర్షన్ పెట్టే హక్కు ఎవరి దగ్గరుంది? బోర్ల అసలు డేటా ఎవరి డ్రైవ్‌లో ఉంది? పేపర్ రాస్తే పేర్లు ఎవరు తేలుస్తారు? ఇంటర్న్‌షిప్‌కు రికమెండేషన్ లెటర్ ఎవరిస్తారు? వీటన్నిటికీ ఒకే పేరు జవాబైతే, మీరు ఎంత గొప్ప నియమావళి రాసినా అది గోడకు అంటించిన కాగితమే. ఆయన మీద చెప్పాలంటే జూనియర్ తన పేపరు, తన లెటరు, తన ఏడాది పని పణంగా పెట్టాలి. ఎవరూ పెట్టరు, పెట్టమనడం కూడా న్యాయం కాదు.

సైన్స్ గ్రూపుల్లో ఇది ఇంకా బిగుసుకుపోయి ఉంటుంది. మామూలు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒకడి నోరు నచ్చకపోతే ఇంకోచోటికి వెళ్లి పనిచేసుకోవచ్చు. ఇక్కడ గైడ్ ఆయనే, ల్యాబ్ ఆయనదే, రచయితల వరుస నిర్ణయించేదీ ఆయనే. వెళ్లిపోతే డిగ్రీ కూడా వెళ్లిపోతుంది.

కాబట్టి మొదటి నెల పని ఇది. రిపోజిటరీని ఒక ఆర్గనైజేషన్ అకౌంట్‌కు మార్పించండి, ముగ్గురిని ఓనర్లుగా పెట్టండి, వాళ్లలో ఒక్కరైనా ఆయన విద్యార్థి కానివాళ్లు ఉండాలి. పైపీఐలో కూడా అంతే. మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అందరూ వాడే అసలు కోడ్‌లోకి, ఎవరి కోడ్ అయినా, ఆయనదైనా సరే, ఇంకొకరు చూసి ఓకే అంటేనే మెర్జ్ అయ్యేలా సెట్టింగ్ పెట్టండి. అసలు డేటా కాపీ ఒకటి కాలేజీ సర్వర్‌లో ఉంచండి. సైటేషన్ ఫైల్‌లో (ప్యాకేజీని ఉదహరించేవాళ్లు ఎవరి పేర్లు రాయాలో చెప్పే ఫైల్) ఎవరి పేర్లు ఉండాలి, ఎంత పని చేస్తే ఉండాలి అన్నది ముందే రాసి పెట్టుకోండి. రికమెండేషన్ లెటర్ ఇద్దరు మాస్టార్లలో ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చని అందరికీ చెప్పండి. ఇందులో ఎవరి మీదా నింద లేదు కాబట్టి ఇంటింటి పంచాయితీ లేకుండా జరిగిపోతుంది. ‘రేపు మీరు వేరే చోటికి వెళ్తే మా గతేంటి సార్?’ అని అడిగితే ఆయన కూడా కాదనలేడు. కాదన్నాడంటే మీకు అక్కడే ఒక విషయం తెలిసిపోతుంది. ఓపెన్ లైసెన్స్ ఉంది కాబట్టి ఫోర్క్ చేసుకునే, అంటే కోడ్ కాపీ తీసుకుని విడిగా నడుపుకునే, దారి మీకు ఎలాగూ ఉంది.

‘అంత పెద్ద మనిషిని పక్కన పెడితే నడుస్తుందా’ అనేవాళ్లకు లైనక్స్ సంగతి చెప్పండి. 2018 సెప్టెంబరులో లైనక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ తన మాటతీరుకు క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నాడు. ఆ సమయంలోనే కెర్నల్‌కు (లైనక్స్ మూల ప్రోగ్రామ్‌కు) కొత్త ప్రవర్తనా నియమావళి పెట్టారు. అప్పటికి పనిలో ఉన్న 4.19 వెర్షన్‌ను గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ పూర్తిచేసి అక్టోబరులో విడుదల చేశాడు. కెర్నల్ ఆగలేదు, టోర్వాల్డ్స్ తిరిగొచ్చి పని కొనసాగించాడు. పక్కన ఇంకో మెయింటైనర్, వెర్షన్ విడుదల చేసే హక్కుతో సహా, సిద్ధంగా ఉన్నాడు కాబట్టే ఇది కుదిరింది. మీ ఫ్లోరైడ్ ప్యాకేజీ లైనక్స్ కన్నా కష్టమైనదేం కాదు కదా.

హేళన విషయానికి వస్తాను. చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు, ‘ఏందబ్బా, జోక్ కూడా వేసుకోకూడదా’ అంటారు. మీ పనిలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి మొదటిసారి పుల్ రిక్వెస్ట్ (తన కోడ్‌ను ప్యాకేజీలో కలపమని అడగడం) పెట్టాడనుకోండి. ఒక ఊళ్లో మూడు బోర్లు. రెండిటి రీడింగులు లీటరుకు 2.4, 1.8 మిల్లీగ్రాములు. మూడోదాని శాంపిల్ తీయలేదు, గడి ఖాళీగా ఉంది. కుర్రాడు ఖాళీ గడుల్ని సున్నాతో నింపి సగటు తీశాడు. 2.1 రావాల్సిన సగటు 1.4 అయింది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి 1.5. అంటే ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్న ఊరు కాస్తా లెక్కలో ‘ఫర్వాలేదు’ జాబితాలోకి వెళ్లిపోయింది. పెద్ద తప్పే.

దానికి ఒక రివ్యూ ఇలా వస్తుంది: “ఇంటర్ ఎవరు పాస్ చేయించారు నిన్ను? తెలియనప్పుడు చూస్తూ కూర్చోవచ్చుగా.” కింద నాలుగు నవ్వు బొమ్మలు. ఇంకో రివ్యూ ఇలా ఉంటుంది: “ఖాళీ గడుల్ని సున్నాగా తీసుకుంటున్నారు. శాంపిల్ తీయకపోవడం వేరు, ఫ్లోరైడ్ లేకపోవడం వేరు. ఇక్కడ 2.1 రావాల్సింది 1.4 వచ్చింది, ఊరు పరిమితి లోపలికి వెళ్లిపోయింది. ఖాళీలను వదిలేసి సగటు తీయండి, ఎన్ని బోర్ల మీద తీశామో పక్కన ఇంకో కాలమ్‌లో చూపిద్దాం. ఈ మూడు బోర్లతోనే ఒక టెస్ట్ రాయండి. ఎక్కడైనా ఆగిపోతే అడగండి.” రెండోది మెత్తని రివ్యూ అని ఎవరూ అనలేరు, తప్పు ఎంత పెద్దదో అంకెలతో సహా చెప్పింది. మొదటిదాంట్లో తప్పేంటో కూడా లేదు. ఆ కుర్రాడు దాన్నుంచి నేర్చుకునేది ఒక్కటే, మళ్లీ ఇక్కడ కోడ్ పెట్టకూడదని.

దీనివల్ల సైన్సుకు జరిగే నష్టం వేరే ఉంది. రేపు ఆ సీనియరే యూనిట్లు తారుమారు చేస్తాడు, ఎంత గొప్పవాడైనా ఎప్పుడో ఒకసారి చేస్తాడు. అది కొత్తగా చేరిన అమ్మాయి కంట పడుతుంది. చెబితే ‘నువ్వు నాకు చెబుతావా’ అంటాడని ఊరుకుంటుంది. తప్పుడు మ్యాపు అలాగే అచ్చవుతుంది. మర్యాద సంగతి పక్కన పెట్టినా, ఫలితం సరిగ్గా రావాలంటే జూనియర్ నోరు తెరవగలగాలి. నియమావళి వద్దనే మాస్టార్లతో నేనైతే ఈ కోణంలోనే మాట్లాడతాను. ఇంకొకటి కూడా చెప్పొచ్చు. రేపు మీ ప్యాకేజీని జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు (పరిశోధన సాఫ్ట్‌వేర్ మీద పేపర్లు వేసే పత్రిక) పంపితే, బయటివాళ్లు ఎలా చేరాలో, సమస్య వస్తే ఎవరికి చెప్పాలో రాసి ఉందా అని రివ్యూ చేసేవాళ్లు చూస్తారు.

ఇప్పుడు నియమావళి. ప్రపంచంలో ఎక్కువ ప్రాజెక్టులు వాడేది కాంట్రిబ్యూటర్ కవెనెంట్ అనే రెడీమేడ్ నియమావళి. కొరలైన్ అడా ఎమ్కీ 2014లో రాసింది. దాన్ని తీసుకోండి, కానీ అలాగే కాపీ చేసి వదిలేయొద్దు. మీ వాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాయండి, ఇక్కడ నిజంగా జరిగేవే ఉదాహరణలుగా పెట్టండి. ఇంటిపేరు అడిగి, ఊరడిగి, చివరికి ‘ఎవరోళ్లు మీరు?’ అన్నదాకా వెళ్లడం. ర్యాంకు అడిగి ‘ఓహో, కోటానా’ అనడం. తెలుగు మీడియం పిల్లవాడు ఇంగ్లిషులో రాసిన కామెంటును స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపులో పెట్టి నవ్వుకోవడం. ఆడపిల్ల కోడ్ పెడితే ‘ఎవరు రాసిచ్చారు?’ అనడం. పని లేకుండా రాత్రి పదింటికి ‘పడుకున్నావా’ అని మెసేజ్. ప్రొఫైల్ ఫొటో మీద వ్యాఖ్యలు. సాధారణ పదాల్లో ‘అందరినీ గౌరవించాలి’ అని రాస్తే ఎవరికి వాళ్లు తాము గౌరవిస్తూనే ఉన్నామనుకుంటారు. పై వాటిని పేరుపేరునా రాస్తే అలా అనుకోవడం కష్టం. కులం మాట రాయడానికి కొందరు ఇబ్బంది పడతారు, ‘మన దగ్గర అలాంటివి లేవు’ అంటారు. 2021లో వచ్చిన కాంట్రిబ్యూటర్ కవెనెంట్ 2.1లో కులం అన్న మాట స్పష్టంగా చేర్చారు. అమెరికాలో పుట్టిన పత్రంలోనే ఉన్నది ఒంగోలులో రాయడానికి మొహమాటం ఎందుకు?

ఫారిన్ పద్ధతి అన్నవాళ్లకు వేరే జవాబు కూడా ఉంది. పనిచోట వేధింపుల మీద మన సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది 1997లో. గిట్‌హబ్ పుట్టడానికి పదేళ్ల ముందు. ఇంకా దగ్గరగా చూస్తే మా నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తాగొచ్చి కొట్టే మొగుళ్లు అంతకుముందూ ఉన్నారు, బాధపడే ఆడవాళ్లూ ఉన్నారు. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడిలో ఒకచోట చేరారు కాబట్టి ఒకరి బాధ ఇంకొకరికి తెలిసింది, ఎవరి ఇంటి గొడవ వాళ్లది అనుకున్నది ఊరి విషయమైంది. అలా ఒకచోట చేరే వీలు మీ గ్రూపులో ఆడపిల్లలకు ఉందా? వాళ్లు ఒక్కొక్కరే మానేస్తున్నారని మీరే రాశారు. ఒక్కొక్కరే మానేస్తున్నారంటే ఒకరికి జరిగింది ఇంకొకరికి తెలియడం లేదని నా అనుమానం.

‘కుటుంబంలా ఉన్నాం’ అనే మాట నాకు అంత నచ్చదు. కుటుంబంలో చిన్నకోడలు ఎంత మాట్లాడుతుందో అందరికీ తెలుసు.

కాగితం కన్నా ముఖ్యం, ఫిర్యాదు వినేదెవరు అన్నది. ముగ్గురు చాలు. అందులో కనీసం ఒక మహిళ, కనీసం ఒకరు మీ కాలేజీకి సంబంధం లేనివాళ్లు. నెల్లూరులోనో, హైదరాబాద్‌లోనో ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసే మనిషిని అడగండి, ఒప్పుకుంటారు. ముగ్గురి పేర్లు, ఎవరికి వాళ్ల మెయిల్ ఐడీలు విడివిడిగా ఇవ్వండి. అందరూ కలిసి చూసే ఒకే ఐడీ ఇస్తే, ఆ ముగ్గురిలో ఒకరి మీదే ఫిర్యాదు ఉన్నప్పుడు ఎవరూ రాయరు. ఫిర్యాదుకు గురైన మనిషి స్నేహితుడో, చుట్టమో, గైడో కమిటీలో ఉంటే ఆ విషయంలో వాళ్లు పక్కకు తప్పుకోవాలని ముందే రాసుకోండి. మన జిల్లాల్లో అందరూ అందరికీ ఎక్కడో ఒకచోట చుట్టాలే, ఈ నియమం వాడాల్సిన రోజు తప్పకుండా వస్తుంది.

ఎంత త్వరగా స్పందించాలి? అందినట్టు జవాబు ఆ రోజే వెళ్లాలి. పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే నంపై ప్యాకేజీ కమిటీ ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటకూడదని రాసుకుంది. అల్లూరు, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల్లో రాత్రి ఆక్సిజన్ పడిపోతే ‘ఆదివారం మీటింగులో చర్చిద్దాం’ అని ఎవరూ అనరు, లేచి ఏరేటర్ వేస్తారు. ఇదీ అలాంటి తొందరే. చెప్పుకున్న మనిషి ఆ రెండు మూడు రోజుల్లో మీ మౌనాన్నే జవాబుగా తీసుకుంటుంది.

ఆ తర్వాత మెట్లు. కాంట్రిబ్యూటర్ కవెనెంట్ 2.1 నాలుగు చెబుతుంది: విడిగా చెప్పి సరిదిద్దడం, హెచ్చరిక, కొంతకాలం నిషేధం, శాశ్వత నిషేధం. ప్రతిసారీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలని లేదు. రివ్యూలో వెటకారానికి మొదటిది సరిపోతుంది. రాత్రిళ్లు మెసేజ్‌లకు, అందులోనూ వద్దన్నాక పెట్టినవాటికి, నేనైతే మూడో మెట్టు నుంచి మొదలుపెడతాను, విషయం తేలేదాకా అడ్మిన్ హక్కులు తీసి పక్కన పెడతాను. ఇక్కడ పైన చెప్పిన ఓనర్ల పని పూర్తయి ఉంటే ఒక్క క్లిక్ పని. లేకపోతే ఆయన హక్కులు తీయడానికి ఆయన్నే అడగాలి!

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించే అలవాటు మన ఊళ్లలో గట్టిగా ఉంది. ‘సారీ చెప్పరా, ఇక వదిలెయ్యమ్మా’ అని ముగిస్తారు. అది మాత్రం వద్దు. చట్టంలో కూడా రాజీ మాట ఫిర్యాదు చేసిన మహిళ అడిగితేనే, అదీ డబ్బు ప్రసక్తి లేకుండా.

ఆరోపణ ఎదుర్కొనే మనిషికి కూడా న్యాయం జరగాలి, ఇది లేకపోతే కమిటీ మీద ఎవరికీ నమ్మకం నిలవదు. తన మీద ఫిర్యాదు ఏమిటో, చెప్పినవాళ్ల పేరు బయటపడకుండా, ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి, ఆయన మాట వినాలి, నిర్ణయం రాతపూర్వకంగా ఇవ్వాలి. 2020లో జూపిటర్‌కాన్ అనే ఆన్‌లైన్ సభలో ఒక వక్త మీద ఫిర్యాదు వచ్చింది. ఏ విషయం మీదో ముందుగా సరిగ్గా చెప్పకుండానే ఆయన్ని కాల్‌కు పిలిచారు. గొడవ బయటికొచ్చాక నిర్వాహక సంస్థ నమ్‌ఫోకస్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అంత అనుభవం ఉన్న సంస్థకే అలా జరిగింది. ఇక ‘అబద్ధపు ఫిర్యాదులొస్తే?’ అని మీ దగ్గరా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ భయం 2013 చట్టం రాసినవాళ్లకూ ఉంది. కావాలని కుట్రతో ఇచ్చిన ఫిర్యాదు మీద చర్యకు వీలుంది. కానీ రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు కాదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. మీ పేజీలో కూడా ఆ రెండు మాటలూ పక్కపక్కనే పెట్టండి.

రోజువారీ విషయాలు రెండు. ఒకటి, వాట్సాప్ గ్రూపు. అందులో చేరగానే ప్రతి అమ్మాయి ఫోన్ నంబరు గ్రూపులో ఉన్న ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ అందుతుంది. రాత్రి మెసేజ్‌లు మొదలయ్యేది అక్కడినుంచే. పని మాటలు నంబరు కనబడని చోటికి మార్చండి. జూలిప్ అనే చాట్ చాలా సైన్స్ బృందాలు వాడతాయి, టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. కోడ్ గురించిన మాటలు గిట్‌హబ్‌లోనే జరగాలి. విడిగా డౌట్లు అడగడం, చెప్పడం తగ్గితే సగం గొడవ తగ్గుతుంది, పైగా ఒకరి డౌటు పదిమందికి పనికొస్తుంది.

రెండోది, శాంపిళ్ల కోసం తిరగడం. పొదిలి, కనిగిరి, పామూరు వైపు బోర్లకు వెళ్తే తిరుగు బస్సు దొరికేసరికి చీకటి పడుతుంది. ఒక సీనియర్ బండి మీద ఒక జూనియర్ అనే ఏర్పాటు అసలొద్దు, అబ్బాయిలైనా సరే. ముగ్గురు, వీలైతే కారు, ఏ ఊళ్లో ఉన్నారో ల్యాబ్‌లో ఒకరికి తెలియాలి. ఖర్చు అంటారు. ఆ ఖర్చు పెట్టలేకపోతే ఆ రోజు శాంపిల్ మానుకోండి, ఫ్లోరైడ్ వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది.

మానేసిన ఆడపిల్లల గురించి మీరు అడగలేదు, కానీ అడిగినట్టే అనిపించింది. ‘తిరిగి రండి, ఇప్పుడంతా మారిపోయింది’ అని ఫోన్లు చేయకండి. ఏమేం మారిందో, ఇప్పుడు ఎవరికి చెప్పుకోవచ్చో వివరంగా ఒక మెయిల్ రాసి, జవాబు ఇవ్వాల్సిన పనిలేదని చెప్పి వదిలేయండి. వాళ్లు రాసిన కోడ్ మీ ప్యాకేజీలో ఇంకా నడుస్తోంది కదా, వాళ్ల పేర్లు సైటేషన్ ఫైల్‌లో ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. లేకపోతే చేర్చండి. వాళ్లు రాకపోయినా చేర్చండి.

తెలుగులో పేజీ రాశాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. ఆ అమ్మాయి గురించి, ఆ సీనియర్ గురించి మాత్రం ఇక ఇక్కడ ఏమీ రాయొద్దు. ఇప్పటికే మీ కాలేజీ పేరు ప్రశ్నలో ఒకచోట ఉంది, అది తీసేయండి. ఒంగోలులో ఫ్లోరైడ్ మీద పనిచేసే గ్రూపులు ఎన్నుంటాయి? పేరు రాయకపోయినా తెలిసినవాళ్లు పోల్చుకుంటారు.